రెండు మాటల మధ్య రాయని మాట

అనువాదం మొదలుపెట్టిన తొలి రోజుల్లో ఒక దర్యాప్తు నివేదిక నా చేతికొచ్చింది. ప్రమాదానికి ముఖ్య కారణం 'ల్యాక్ ఆఫ్ ఓవర్‌సైట్' అని అందులో ఉంది. ఓవర్‌సైట్ అంటే పొరపాటు, కంటపడకుండా జారిపోయిన తప్పు అని నాకు తెలుసు. ల్యాక్ అంటే లేకపోవడం. పొరపాటు లేకపోవడం వల్ల ప్రమాదం ఎలా జరుగుతుంది? వాక్యాన్ని అటూ ఇటూ తిప్పి, ఏదీ కుదరక, 'పొరపాట్ల వల్ల ప్రమాదం జరిగింది' అని రాసి పంపేశాను. నివేదిక చెప్పింది అది కాదు. పర్యవేక్షణ లేక ప్రమాదం జరిగిందని చెప్పింది. పొరపాటు అంటే ఆ వేళ పనిలో ఉన్న కార్మికుడిది. పర్యవేక్షణ లోపం అంటే పై అధికారిది. నేను మార్చిన ఒక్క మాటతో నింద ఒకరి నెత్తి మీంచి తీసి ఇంకొకరి నెత్తిన పెట్టినట్టయింది. అచ్చుకు వెళ్లే ముందు ఒక పెద్దాయన చూసి దిద్దారు కాబట్టి సరిపోయింది.

ఓవర్ అంటే పైన, సైట్ అంటే చూపు. రెండూ చిన్నప్పటి నుంచి తెలిసిన మాటలే. చూపు పైనుండి కనిపెట్టుకుని ఉంటే పర్యవేక్షణ. చూపు పైపైనే దాటిపోతే పొరపాటు. ఒకదానికొకటి ఎదురుగా నిలబడే ఈ రెండు అర్థాలూ ఆ ఒక్క జంటలోనే ఉన్నాయి. 'ఓవర్‌సైట్ కమిటీ' అంటే పర్యవేక్షణ సంఘం. 'యాన్ ఓవర్‌సైట్' అని ముందు 'యాన్' చేర్చి ఒక సంఘటనగా చెబితే పొరపాటు. ఆ చిన్న తేడా అప్పట్లో నా కంటికి ఆనలేదు.

ఇంగ్లిష్ చదివేటప్పుడు మనం భయపడేది పొడవాటి మాటలకి. నిజానికి పొడవాటి మాట మోసం చేయదు. తెలియకపోతే నిఘంటువు తీస్తాం, అంతే. చిన్న మాటలు రెండు జతకట్టినప్పుడే చిక్కు. విడివిడిగా తెలుసు కదా అని నిఘంటువు జోలికి పోం. కానీ ఆ రెండింటికీ ఒకదానితో ఒకటి ఏమవుతుందో చెప్పే మూడో మాట ఒకటుంటుంది. ఇంగ్లిష్ దాన్ని రాయదు. చదివేవాడే పూరించుకోవాలి.

ఆ రాయని మాటను పట్టుకునే పద్ధతి మనకు కొత్తది కాదు. బడిలో సమాసాలకు విగ్రహవాక్యాలు రాసిన ప్రతివాళ్లకీ తెలుసు. రాజభటుడు అంటే రాజు యొక్క భటుడు. దొంగభయం అంటే దొంగ వలన భయం. సమాసంలో మాయమైన విభక్తిని విగ్రహవాక్యంలో మళ్లీ బయటికి తీస్తాం. 19వ శతాబ్దంలో సంస్కృతం చదివిన ఐరోపా పండితులు ఈ పద్ధతి చూసి ముచ్చటపడి, పేర్లతో సహా పట్టుకెళ్లారు. ఇప్పటికీ ఇంగ్లిష్ భాషాశాస్త్ర గ్రంథాల్లో తత్పురుష, ద్వంద్వ, బహువ్రీహి అన్న మాటలు అలాగే కనిపిస్తాయి. మన వ్యాకరణంలో ఉన్న పనిముట్టుతో వాళ్లు తమ భాషను విప్పుకుంటుంటే, అదే పనిముట్టును మనం ఇంగ్లిష్ దగ్గరికి వచ్చేసరికి ఇంట్లో వదిలేసి వస్తున్నామని నా బాధ.

చివరి మాట చేతిలో పెత్తనం

ముందుగా తేల్చుకోవలసింది, రెండింటిలో అసలు వస్తువు ఏది అని. ఇంగ్లిష్‌లో దాదాపు ఎప్పుడూ రెండో మాటే. హౌస్‌బోట్ పడవ, బోట్‌హౌస్ కట్టడం. మొదటిది ఇల్లులా కాపురం ఉండే పడవ, రెండోది పడవలు పెట్టుకునే షెడ్డు. రేస్ హార్స్ గుర్రం, హార్స్ రేస్ పందెం. గెస్ట్ హౌస్ ఇల్లు, హౌస్ గెస్ట్ మనిషి. మాటలు అవే, చోటు మారితే వస్తువే మారిపోతుంది. మన వ్యాకరణం దీన్ని ఉత్తరపదార్థ ప్రధానం అంటుంది. ఈ విషయంలో ఇంగ్లిష్, తెలుగు ఒకే దిక్కు చూస్తాయి. పూలతోట తోటే, తోటపూలు పూలే.

అందుకే ఇంగ్లిష్ పత్రికల శీర్షికల్లో నామవాచకాలు రైలు పెట్టెల్లా వరస కట్టినప్పుడు కంగారు పడక్కర్లేదు. 'స్కూల్ బస్ క్రాష్ ఇన్‌క్వైరీ రిపోర్ట్' అని ఉంటే కుడి చివర మొదలుపెట్టాలి. ఏమిటిది? నివేదిక. దేని నివేదిక? విచారణది. దేని మీద విచారణ? ప్రమాదం మీద. దేనికి జరిగింది? స్కూలు బస్సుకి. తెలుగులో చెప్పేటప్పుడు మాత్రం వరస మార్చే పనే లేదు, 'స్కూలు బస్సు ప్రమాదంపై విచారణ నివేదిక'. అదే వరస, మధ్యలో ఒక్క 'పై' చేరింది.

అయితే తెలుగు చేసి ఇంగ్లిష్ చేయని పని ఒకటుంది. మన మొదటి మాట తాను రెండోదాని మీద ఆధారపడ్డానని రూపం మార్చుకుని మరీ చెబుతుంది. ఇల్లు ఉన్నది ఇంటి పనిలో 'ఇంటి' అవుతుంది, ఊరు ఊరి చెరువులో 'ఊరి' అవుతుంది, ఏరు ఏటిగట్టులో 'ఏటి' అవుతుంది. ఇంగ్లిష్ 'హౌస్' ఎక్కడ పెట్టినా హౌసే. వరస ఒక్కటే గుర్తు. ఆ వరస పట్టించుకోకపోతే ఇంకే ఆధారమూ ఉండదు.

ఇంకో తేడా మన నోట్లోనే దొరుకుతుంది. మనం పుస్తకాల సంచి అంటాం, మందుల చీటీ అంటాం, పూలదండ అంటాం. మొదటి మాట హాయిగా బహువచనంలో ఉంటుంది. ఇంగ్లిష్‌కి అది పొసగదు. సంచిలో ఎన్ని పుస్తకాలున్నా బుక్ బ్యాగే. ఉన్న పళ్లన్నీ తోముకున్నా టూత్‌బ్రషే. అయిదేళ్ల ప్రణాళిక ఫైవ్ ఇయర్ ప్లాన్, ఇయర్స్ కాదు. మనలో చాలామంది 'షూస్ స్టాండ్', 'వెజిటబుల్స్ మార్కెట్' అనడానికి కారణం అజ్ఞానం కాదు, తెలుగు సమాసం లోపలి నుంచి మాట్లాడుతోంది. ఇంగ్లిష్‌లోనూ స్పోర్ట్స్ కార్, సేవింగ్స్ అకౌంట్, ఆర్మ్స్ రేస్ లాంటివి ఉన్నాయి కానీ అవి వేళ్ల మీద లెక్కపెట్టుకునేవి.

ఈ నియమం ఇంగ్లిష్ పిల్లలకు ఎవరూ నేర్పరు. 1985లో పీటర్ గోర్డన్ అనే పరిశోధకుడు మూడు నుంచి అయిదేళ్ల పిల్లల్ని ఆటలా అడిగి చూశాడు. ఎలుకల్ని తినే భూతాన్ని ఏమంటారు? ర్యాట్స్ అన్న బహువచనం పిల్లల నోట ఉన్నా, భూతానికి పేరు పెట్టేటప్పుడు మాత్రం 'ర్యాట్ ఈటర్' అన్నారు. చిట్టెలుకల దగ్గరికొచ్చేసరికి 'మైస్ ఈటర్' అనడానికి సంకోచించలేదు. మౌస్‌కి బహువచనం 'స్' చేర్చి చేసేది కాదు, మాటే మారిపోతుంది కాబట్టి అది సమాసంలో దూరగలిగింది. అక్షరాలు కూడా రాని వయసులో ఇంత సన్నని గీత వాళ్ల మనసులో గీసి ఉంది.

మధ్య మాట ఎన్ని రకాలు

ఇక అసలు చిక్కు. స్నోమ్యాన్ మంచుతో చేసిన మనిషి బొమ్మ. మిల్క్‌మ్యాన్ పాలతో చేసిన మనిషి కాదు, పాలు తెచ్చి పోసేవాడు. ఫైర్‌మ్యాన్ మంటల్ని తేడు, ఆర్పుతాడు. ఫ్రాగ్‌మ్యాన్ కప్పలతో ఏ పనీ లేనివాడు, కప్పకాలి లాంటి రెక్కలు తొడుక్కుని నీళ్లలో దిగే ఈతగాడు. నలుగురిలోనూ 'మ్యాన్' ఒకటే, మధ్యలో దాక్కున్న మాట మాత్రం నాలుగు రకాలు. ఒకచోట 'తో', ఒకచోట 'ను తెచ్చే', ఒకచోట 'ను ఆర్పే', ఒకచోట 'లాంటి'.

గన్‌మ్యాన్ దగ్గర మరీ జాగ్రత్తగా ఉండాలి. తెలుగులో గన్‌మ్యాన్ అంటే నాయకుడి పక్కన తుపాకీతో నడిచే రక్షక భటుడు. ఇంగ్లిష్ దేశాల వార్తల్లో గన్‌మ్యాన్ అంటే తుపాకీతో జనం మీద పడ్డ దుండగుడు. తుపాకీ ఉన్నవాడు అన్నంతవరకే ఆ జంట చెబుతుంది, ఎవరి కోసం పట్టుకున్నాడో చెప్పదు. ఆ ఖాళీని ఇక్కడ ఒకలా, అక్కడ ఒకలా పూరించారు. విదేశీ వార్త అనువదిస్తూ 'గన్‌మ్యాన్ కాల్పులు' అని వదిలేస్తే చదివేవాడికి కాపలావాడే కాల్చాడన్న అర్థం వస్తుంది.

నూనెలూ అంతే. ఆలివ్ ఆయిల్ ఆలివ్ కాయల నుంచి తీసింది, బేబీ ఆయిల్ పాపాయి ఒంటికి రాసేది. మాత్రల సంగతి ఇంకా బాగుంటుంది. హెడేక్ పిల్ తలనొప్పిని పోగొడుతుంది, స్లీపింగ్ పిల్ నిద్రను తెప్పిస్తుంది. ఇందులో ఇంగ్లిష్‌ను తప్పుపట్టే హక్కు మనకు లేదు. తలనొప్పి మాత్ర, నిద్రమాత్ర అని మనమూ అదే అచ్చులో పోశాం. ఏ ఒక్కరూ పొరబడరు. తలనొప్పి వద్దని, నిద్ర కావాలని లోకం తెలిసిన ప్రతివాడికీ తెలుసు కాబట్టి. మధ్య మాటను నింపేది వ్యాకరణం ఒక్కటే కాదు, లోకజ్ఞానం. అందుకే ఫైర్ ఫైటర్ మంటలతో పోరాడతాడు, ఫ్రీడమ్ ఫైటర్ స్వేచ్ఛ కోసం పోరాడతాడు.

ఈ సంబంధాలన్నీ ఒక పట్టికలో ఇముడుతాయా అని భాషాశాస్త్రవేత్తలు గట్టిగానే ప్రయత్నించారు. 1978లో జూడిత్ లెవీ తొమ్మిది సంబంధాలు చాలన్నారు. కలిగించడం, కలిగి ఉండడం, తయారుచేయడం, వాడడం, అయి ఉండడం, లో, కోసం, నుంచి, గురించి. మన విభక్తుల పట్టికకు దగ్గరి చుట్టంలా ఉంటుంది ఆ జాబితా. చాలా జంటలకు సరిపోతుంది కూడా. కానీ అంతకు ముందు ఏడాదే పామెలా డౌనింగ్ చూపించిన ఒక ఉదాహరణ ఏ పట్టికకూ లొంగదు. ఒక ఇంట్లో బల్ల మీద మూడు చోట్ల కమలారసం గ్లాసులు, ఒక చోట యాపిల్ రసం గ్లాసు పెట్టారు. అతిథితో 'యాపిల్ జ్యూస్ సీట్‌లో కూర్చోండి' అన్నారు. ఏ నిఘంటువులోనూ లేని జంట. అయినా అతిథి నేరుగా వెళ్లి సరైన కుర్చీలోనే కూర్చున్నారు. మర్నాడు పొద్దున బల్ల మీద యాపిల్ రసమే లేదు, అయినా అది ఏ కుర్చీయో అందరికీ తెలుసు. అప్పటికది వర్ణన కాదు, పేరు.

నాకు ఇందులో అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఆ చివరి ముక్క. రెండు మాటల జంట మొదట ఒకదాన్ని వర్ణిస్తుంది. కొన్నాళ్లకు పేరుగా గట్టిపడుతుంది. పేరయ్యాక వర్ణన నిజమవ్వాలన్న నియమం లేదు. బ్లాక్‌బోర్డ్ పచ్చరంగులో ఉన్నా బ్లాక్‌బోర్డే. బ్లాక్‌బర్డ్ అన్న జాతిలో ఆడపక్షి గోధుమరంగులో ఉంటుంది, అయినా బ్లాక్‌బర్డే.

వర్ణన పేరుగా మారిన సంగతిని ఇంగ్లిష్ వాళ్లు గొంతుతో చెబుతారు. పేరైతే మొదటి మాటను నొక్కుతారు, వర్ణనైతే రెండో మాటను. 'గ్రీన్' నొక్కితే మొక్కలు పెంచే గాజు ఇల్లు, 'హౌస్' నొక్కితే పచ్చరంగు ఇల్లు. 'ఇంగ్లిష్' నొక్కితే ఇంగ్లిష్ చెప్పే టీచరు, 'టీచర్' నొక్కితే ఇంగ్లండు నుంచి వచ్చిన టీచరు. తెలుగులో నొక్కు మారితే మాట అర్థం మారదు కాబట్టి మన చెవి దాన్ని లెక్కచేయదు. విన్నా వినిపించదు. అలాగని ఈ నియమం నూటికి నూరుపాళ్లు నిలిచేదీ కాదు. వీధుల పేర్లే చూడండి. ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్ అనేటప్పుడు ఆక్స్‌ఫర్డ్‌ను నొక్కుతారు, మాడిసన్ అవెన్యూ అనేటప్పుడు అవెన్యూను నొక్కుతారు. స్ట్రీట్ అన్న పేర్లన్నీ ఒక దారిన, అవెన్యూ, రోడ్ అన్నవి ఇంకో దారిన పోతాయి.

పదం బయట ఉన్న మనిషి

చివరి మాటదే పెత్తనం అన్నాను. ఆ సూత్రం తలకిందులయ్యే జంటలూ ఉన్నాయి. పిక్‌పాకెట్ జేబు కాదు, జేబులు కొట్టేవాడు. రెడ్‌హెడ్ తల కాదు, ఎర్రజుట్టు మనిషి. పేపర్‌బ్యాక్ అట్ట కాదు, పలచటి అట్ట వేసిన పుస్తకం. స్కేర్‌క్రో కాకి కాదు, కాకుల్ని బెదరగొట్టే దిష్టిబొమ్మ. జంటలోని రెండు మాటలూ పక్కకు తప్పుకుని, బయట ఉన్న మూడో మనిషిని చూపిస్తాయి. మనకిది చక్రపాణి, ముక్కంటి అన్నంత తేలిక. అన్యపదార్థ ప్రధానం, బహువ్రీహి.

ఫోనుల్లో ఉండే బ్లూటూత్ అచ్చంగా ఈ కోవలోదే. 10వ శతాబ్దంలో డెన్మార్క్‌ను ఏలిన హరాల్డ్ అనే రాజు బిరుదు అది. మనం నీలకంఠుడు అన్నట్టే వాళ్లు నీలిపన్నువాడు అన్నారు. చీలిపోయి ఉన్న తెగల్ని ఆ రాజు ఒకటి చేశాడని, వేరు వేరు పరికరాల్ని కలిపే సాంకేతికతకు 1997లో ఆ పేరు సూచించారు. దాని గుర్తు కూడా హరాల్డ్, బ్లూటూత్ పేర్ల తొలి అక్షరాలకు సరిపడే రెండు పాత రూన్ లిపి అక్షరాల్ని కలిపి గీసిందే.

బహువ్రీహిని ఇంగ్లిష్ వ్యాకరణం కూడా గుర్తుపడుతుంది, బహువచనం దగ్గర. లీఫ్‌కి బహువచనం లీవ్స్. కానీ టొరంటో ఐస్ హాకీ జట్టు పేరు మేపుల్ లీఫ్స్. అక్కడ చెబుతున్నది ఆకుల గురించి కాదు, ఆ పేరున్న ఆటగాళ్ల గురించి. లైఫ్‌కి లైవ్స్ అయినా, పళ్లూ పాత్రలూ గీసే చిత్రాల్ని స్టిల్ లైఫ్స్ అంటారు. చివరి మాట చేతిలో పెత్తనం లేదు కాబట్టి దాని వింత రూపం కూడా చెల్లలేదు.

ద్వంద్వ సమాసం దగ్గర మాత్రం ఇంగ్లిష్ మనకన్నా పేదది. తల్లిదండ్రులు, అన్నదమ్ములు, కూరగాయలు అని ఇద్దరినీ కలిపి ఒకే మాట చేసి, చివర 'లు' తగిలిస్తే మనకు పనైపోతుంది. వాళ్లకు మదర్ ఫాదర్ అని కలిపే వీలు లేదు, మధ్యలో 'అండ్' పడాల్సిందే. ఉన్నవి సింగర్ సాంగ్‌రైటర్ లాంటివి. అవి ఇద్దరు మనుషులు కాదు, పాడేదీ రాసేదీ ఒక్కరే.

విశేషణం ముందుండే జంటల్లో ఒకటి తరచూ దెబ్బతీస్తుంది. క్రిమినల్ లాయర్ నేరాలు చేసే లాయరు కాదు, నేరాల కేసులు వాదించే లాయరు. హెవీ స్మోకర్ లావుపాటి మనిషి కాదు, తెగ పొగతాగేవాడు. ఓల్డ్ ఫ్రెండ్‌కి వయసు మళ్లక్కర్లేదు, స్నేహం పాతదైతే చాలు. విశేషణం మనిషిని పట్టుకోకుండా, అతను చేసే పనినో అతనితో ఉన్న అనుబంధాన్నో పట్టుకుంది. స్మాల్ ఫార్మర్ అన్నప్పుడు చిన్నది రైతు కాదు, కమతం. తెలుగు ఈ ఒక్కచోట ఎంతో శ్రద్ధ తీసుకుంది. 'చిన్న రైతు' అని ఊరుకోకుండా చిన్నకారు రైతు, సన్నకారు రైతు అని వేరే మాటే కట్టుకుంది.

ఇక అటార్నీ జనరల్. ఇందులో జనరల్ సైన్యాధిపతి కాడు, చివర వచ్చిన విశేషణం. అన్ని వ్యవహారాలకూ చెందిన అటార్నీ అని అర్థం. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక న్యాయస్థానాల్లో చాలాకాలం ఫ్రెంచి నడిచింది. ఫ్రెంచిలో విశేషణం సాధారణంగా వెనక నిలబడుతుంది. కోర్ట్ మార్షల్, నోటరీ పబ్లిక్ కూడా ఆ కాలపు గుర్తులే. అందుకే బహువచనం అటార్నీస్ జనరల్ అవుతుంది, 'స్' మధ్యలో పడుతుంది.

ముందూ వెనకా

నన్ను మొదట తప్పుదారి పట్టించిన 'ఓవర్' దగ్గరికి మళ్లీ వస్తాను. క్రియలతో జతకట్టే ఈ చిన్న మాటలు ముందు నిలబడితే ఒక అర్థం, వెనక నిలబడితే ఇంకో అర్థం. ఓవర్‌టేక్ అంటే వెనక నుంచి వచ్చి దాటిపోవడం, టేక్ ఓవర్ అంటే పగ్గాలు చేతిలోకి తీసుకోవడం. అప్‌హోల్డ్ అంటే తీర్పును సమర్థించడం, హోల్డప్ అంటే ఆపడం, ఆలస్యం చేయడం, తుపాకీ చూపి దోచుకోవడం కూడా. పై కోర్టు కింది కోర్టు తీర్పును 'అప్‌హెల్డ్' అన్న వార్తను 'నిలిపివేసింది' అని రాస్తే కథ అడ్డం తిరుగుతుంది. అండర్‌గో అంటే చికిత్సో కష్టమో అనుభవించడం, గో అండర్ అంటే వ్యాపారం మునిగిపోవడం. సెట్ ఆఫ్ అంటే బయల్దేరడం, బాంబు పేల్చడం. ఆఫ్‌సెట్ అంటే ఒకవైపు నష్టాన్ని ఇంకోవైపు లాభంతో సరిపెట్టడం.

ఓవర్‌సీ, ఓవర్‌లుక్ పక్కపక్కన పెట్టి చూడండి. సీ అన్నా లుక్ అన్నా చూడడమే. రెండింటి ముందూ ఓవర్ ఉంది. ముక్కలు చూస్తే కవల పిల్లలు. ఓవర్‌సీ అంటే దగ్గరుండి చూసుకోవడం, ఓవర్‌లుక్ అంటే చూసుకోకపోవడం. లుక్ ఓవర్ అని తిప్పితే మళ్లీ ఒకసారి పరిశీలించడం. 'గది సముద్రాన్ని ఓవర్‌లుక్ చేస్తుంది' అంటే అక్కడ నిర్లక్ష్యం లేదు, కిటికీ తెరిస్తే సముద్రం కనిపిస్తుందని. ఓవర్‌సీ నుంచి ఒక ఓవర్‌సైట్, ఓవర్‌లుక్ అర్థంతో ఇంకో ఓవర్‌సైట్ ఒకే రూపంలో స్థిరపడ్డాయి. ఈ గుంపును విడగొట్టే సూత్రమేదీ లేదు. వాక్యాలతో సహా గుర్తుపెట్టుకోవడమే దారి. దాన్ని చిన్నతనంగా అనుకోనక్కర్లేదు, ఇంగ్లిష్ పిల్లలూ అలాగే నేర్చుకుంటారు.

కలిపి రాయాలా విడదీసి రాయాలా అన్న ప్రశ్నకు కొంత నయమైన సమాధానం ఉంది. లాగిన్, బ్యాకప్, సెటప్, వర్కౌట్ కలిపి రాస్తే పేరు, విడదీస్తే క్రియ. అనుమానం వస్తే భూతకాలంలో పెట్టి చూడాలి. 'లాగ్డ్ ఇన్' అంటాం కదా, 'ఎడ్' మధ్యలో దూరింది కాబట్టి క్రియ రెండు ముక్కలు. ఎవ్రీడే కలిపితే 'రోజువారీ' అనే విశేషణం, విడదీస్తే 'ప్రతిరోజూ'. మేబీ కలిపితే 'బహుశా', విడదీస్తే 'అయి ఉండవచ్చు'.

హైఫన్ సంగతి ఇంత నమ్మకంగా చెప్పలేం. కొన్నిచోట్ల అది ప్రాణం. మ్యాన్, ఈటింగ్, షార్క్ మధ్య మొదటి రెండింటినీ హైఫన్‌తో కలిపితే మనిషిని తినే సొరచేప. కలపకపోతే సొరచేపను తింటున్న మనిషి. మనకు 'ను' అన్న ఒక్క అక్షరం చేసిపెట్టే పనిని వాళ్లు ఆ చిన్న గీతతో చేయించుకుంటారు. చాలాచోట్ల మాత్రం అది రెండు మాటలు ఒకటయ్యే దారిలో మధ్య మజిలీ. ఒకప్పుడు 'టుడే'ని కూడా టు, డే మధ్య గీత పెట్టి రాసేవారు. 2007లో ఆక్స్‌ఫర్డ్ వారి షార్టర్ నిఘంటువు ఆరో కూర్పులో దాదాపు 16,000 హైఫన్లు తీసేశారు. ఐస్‌క్రీమ్ రెండు మాటలుగా విడిపోయింది, బంబుల్‌బీ ఒక్క మాటగా అతుక్కుంది. కాబట్టి పాత పుస్తకంలో ఒకలా, కొత్త పుస్తకంలో ఇంకోలా కనిపిస్తే రెండూ తమ కాలానికి సరైనవే.

కొన్ని జంటల్లో మధ్య మాట వెతికినా దొరకదు, కథ తెలియాలి. డెడ్‌లైన్ అంటే ఇప్పుడు గడువు. అమెరికా అంతర్యుద్ధంలో, 1864 నాటికి, ఆండర్సన్‌విల్ యుద్ధఖైదీల శిబిరంలో గోడకు కొద్ది అడుగుల లోపల ఒక కంచె ఉండేది. అది దాటిన ఖైదీని కాల్చేసేవారు. దానిపేరు డెడ్ లైన్. బ్లాక్‌మెయిల్‌లోని మెయిల్‌కి ఉత్తరాలతో సంబంధమే లేదు. అది శిస్తు, కప్పం అనే పాత స్కాట్లాండ్ మాట. 16వ శతాబ్దంలో సరిహద్దు గ్రామాల రైతుల దగ్గర, మీ మీద పడకుండా ఉండాలంటే ఇంత కట్టండని ముఠాలు గుంజుకున్న సొమ్ము అది. హ్యాట్రిక్‌లో ఒక టోపీ ఉందన్న సంగతి మన నోట్లో రెండు మాటలూ కరిగిపోయి అసలు కనబడదు. 1858లో షెఫీల్డ్‌లో హెచ్.హెచ్. స్టీఫెన్‌సన్ వరసగా మూడు బంతులకు మూడు వికెట్లు తీస్తే, చందాలు వేసుకుని ఆయనకు టోపీ కొనిచ్చారు.

తెలుగులోకి తేవలసి వచ్చినప్పుడు ఈ తేడాలన్నీ ఒకేసారి మీద పడతాయి. కోల్డ్ వార్ అన్న జంటను ఈ అర్థంలో 1945లో ఇంగ్లిష్ రచయిత జార్జ్ ఆర్వెల్ వాడారు. దాన్ని చల్లని యుద్ధం అని ముక్కకు ముక్క పెట్టకుండా ప్రచ్ఛన్న యుద్ధం అన్నవాళ్లకు నేను చేతులెత్తి మొక్కుతాను. బాహాటంగా జరగని, లోలోపల సాగే యుద్ధం అని విగ్రహవాక్యం విప్పి చూసి మళ్లీ కట్టిన సమాసం అది. గ్రీన్‌హౌస్ విషయంలో అంత శ్రద్ధ దక్కలేదనిపిస్తుంది. హరితగృహం అనగానే పచ్చరంగు ఇల్లే మనసులో మెదులుతుంది. అసలు సంగతి ఎండను లోపలికి రానిచ్చి వేడిని బయటికి పోనివ్వని గాజు. హరితగృహ వాయువులు అని చదివిన పిల్లవాడికి ఆ వాయువులు చేసే పని మాటలో ఎక్కడా దొరకదు. ఇంగ్లిష్ పిల్లవాడు అలాంటి గాజు ఇంటిని చూసి ఉంటాడు, ఆ అదృష్టం అనువాదంలో రాదు.

మరీ పాతబడ్డ జంటలు ఒకే రాయిలా అరిగిపోయి, అవి జంటలన్న గుర్తు కూడా మిగలదు. కబర్డ్ అని పలికే మాటలో కప్పు, పలక ఉన్నాయి. బ్రేక్‌ఫాస్ట్ ఉపవాసం విరమించడం. లార్డ్ అన్న గొప్ప మాట రొట్టెకు కాపలాదారు అన్న రెండు పాత మాటల అరుగుడు. డైసీ పువ్వు 'పగటి కన్ను', పొద్దున విచ్చుకుని సాయంత్రం ముడుచుకుంటుందని. విండో పాత నార్స్ భాష నుంచి వచ్చింది, విండ్ అంటే గాలి, ఔగ అంటే కన్ను. గాలి వచ్చే కన్ను అన్నారు వాళ్లు కిటికీని.

ఆ సంగతి చదివిన రోజు నాకు గవాక్షం గుర్తొచ్చింది. గో అంటే ఆవు, అక్షం అంటే కన్ను. ఆవు కన్నులా గుండ్రంగా ఉండేది.